మా అమ్మ జాడీలో కొరియా పచ్చడి

మార్కాపురంలో బస్టాండు నుంచి కాలేజీ వైపు పోయే రోడ్డులో, సెల్‌ఫోన్ల దుకాణం మీది అంతస్తులో ఒక కొరియా హోటల్ ఉంది. దాని ముందు వేలాడే ఫ్లెక్సీ మీద ఎర్రటి అక్షరాలతో "అసలైన కిమ్చీ. కొరియా నుంచి నేరుగా మీ పళ్ళెంలోకి" అని రాసి ఉంటుంది. పనికి పోయేటప్పుడో, లైబ్రరీకి పోయేటప్పుడో, రోజుకు ఒకసారైనా నేను ఆ ఫ్లెక్సీ కింద నుంచి నడవాలి. నడిచిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఎందుకంటే ఆ కిమ్చీ కొరియా నుంచి రాదు. ఆ హోటల్ వంటగదిలో, మా అమ్మ నాకు మిగిల్చిపోయిన మూడు ఆవకాయ జాడీల్లోంచి వస్తుంది. దాన్ని పెట్టేది నా భార్య.

కిమ్చీ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. క్యాబేజీ ఆకులను ఉప్పులో మెత్తబరిచి, కారం, అల్లం, వెల్లుల్లి పట్టించి పులియబెట్టే పచ్చడి అది. కొరియా వాళ్ళకు అది లేనిదే ముద్ద దిగదు. ఇది నేను ఫోన్‌లో చూసి నేర్చుకున్న సంగతి కాదు. మా శాఖా గ్రంథాలయంలో గోడవైపు బీరువా కింది అరలో, అట్ట ఊడిపోయిన యాత్రా పుస్తకం ఒకటి ఉంది. మొదటి పేజీలు కూడా పోయాయి కాబట్టి రాసినవారెవరో నాకు ఈనాటికీ తెలియదు. తూర్పు దేశాలన్నీ తిరిగిన మనిషి మాత్రం నిజం. ఆయన కొరియాలో ఏం తిన్నారో, ఎవరి ఇంట్లో ఎలా కూర్చున్నారో ఓపిగ్గా రాశారు. ఆ పుస్తకాన్ని నేను నాలుగుసార్లు చదివాను. ఈ ఊళ్ళో జనం కొరియా అనే మాట వినకముందే, అక్కడ పచ్చడి జాడీలను చలికాలంలో భూమిలో పాతిపెడతారని నాకు తెలుసు.

నేను బడిలో చదివింది ఏడో తరగతి. తరువాత పలకల ఫ్యాక్టరీలో చేరి, పలకలకు చెక్క చట్రాలు బిగిస్తూ పెద్దవాడినయ్యాను. నేను చట్రం బిగించిన పలకల మీద ఎంతమంది పిల్లలు అక్షరాలు దిద్దారో లెక్కలేదు. నా అక్షరాలు మాత్రం ఏడో తరగతి దగ్గరే ఆగిపోతే ఎలా అన్న రోషంతో సాయంత్రాలు లైబ్రరీలో కూర్చోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు పలకలు అడిగేవాళ్ళు తగ్గారు. ఫ్యాక్టరీలో వారానికి మూడు రోజులే పని. మిగిలిన రోజులు మధ్యాహ్నం నుంచే లైబ్రరీ.

పని తగ్గాక ఇల్లు నడిపింది నా భార్య పచ్చళ్ళే. ఆమె పెద్దారవీడు మనిషి. ఆవకాయ, గోంగూర, పండుమిరపకాయ, ఏది పెట్టినా ఏడాది తిరిగి వచ్చేదాకా రంగు మారదు. మా వీధికి రెండు వీధుల అవతల, మూడు తరాలుగా కిరాణా వ్యాపారం చేస్తున్న కుటుంబం ఒకటి ఉంది. వాళ్ళు ప్రతి ఏడూ ఆమె దగ్గరే గోంగూర కొనేవాళ్ళు. ఆ ఇంటి కొడుకు, ముప్పై ఏళ్ళవాడు, హైదరాబాదులో రెండేళ్ళు ఉండి వచ్చి, ఒకరోజు ఫోన్ పట్టుకుని మా గడప ఎక్కాడు.

"అక్కా, ఈ బొమ్మ చూడు. ఏందనుకుంటున్నావు ఇది?"

నా భార్య ఫోన్‌ను దూరంగా పెట్టి చూసింది. "క్యాబేజీ ఊరగాయ."

"పెట్టగలవా?"

"ఉప్పూ కారం పట్టేది ఏదైనా పెడతా నాయనా. ఇంతకీ దీన్ని ఎవరు తింటారు?"

"కాలేజీ పిల్లోళ్ళక్కా. కొరియా సీరియళ్ళు చూసి చూసి నోరూరి చస్తుండారు. హైదరాబాదు పోయినప్పుడు వందలు వందలు పోసి తినొస్తుండారు. అదేదో మనమే ఇక్కడ అగ్గవగా పెడదాం. వంటకు నువ్వు రా. బయటిచ్చే కూలి కంటే ఎక్కువే ఇస్తా."

"కూలి సంగతి తర్వాత. ఊరగాయకు మీ గిన్నెలు పనికిరావు. మా అత్త జాడీలు తెస్తా," అంది ఆమె.

అలా మా ఇంటి అటక మీది జాడీలు ఆటో ఎక్కాయి.

మొదటిసారి పెట్టినప్పుడు జరిగింది చెబితేనే తరువాతిది అర్థమవుతుంది. నేను పుస్తకంలోని నాలుగు పేజీలు కాగితం మీద ఎత్తి రాసుకొచ్చి ఆమెకు చదివి వినిపించాను. పుస్తకంలోని పొడుగాటి క్యాబేజీ మా కూరగాయల మార్కెట్టులో దొరకదు. మామూలు క్యాబేజీతో, ముల్లంగితో సరిపెట్టింది. మా మిరపకాయ ఘాటుకు కాలేజీ పిల్లలు తట్టుకోలేరని, రంగుకోసం బ్యాడిగ కాయ ఎక్కువ, ఘాటుకోసం మన కాయ తక్కువ వేసి దంచింది. ఉప్పు పట్టిన ఆకులను మూడుసార్లు కడగాలి. బోరు నీళ్ళతో కడిగిన ఊరగాయ నిలవదని ఆమె నమ్మకం. క్యాన్ నీళ్ళే కావాలని పట్టుపట్టింది. కుర్రాడు గొణుక్కుంటూనే తెప్పించాడు.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తరువాత ఆమె చెయ్యి తనకు అలవాటైన పని చేసేసింది. కిమ్చీని జాడీల్లోకి అదిమి, ఆవకాయకు పోసినట్టే పైన వేలెడు మందాన నువ్వుల నూనె పోసింది. మూత పెట్టి, తెల్లగుడ్డతో వాసెన కట్టి, తాడు బిర్రుగా బిగించి, మూడో రోజు దాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి వచ్చింది. ఆవకాయ అయితే మూడో రోజున బుద్ధిగా నూనె తేలి కూర్చుంటుంది. ఇది పులిసే పచ్చడి. లోపల గాలి పుడుతుంది. మూడో రోజు పొద్దున వంటగది తలుపు తీస్తే మూడు జాడీల వాసెనలూ పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకదాని మూత పక్కకు జరిగి, ఎర్రటి ఊట గట్టు మీద నుంచి గుమ్మం దాకా పారింది.

ఆమె నేల మీద కూలబడింది. "పొంగిన ఊరగాయ పోయినట్లే. ఇన్నేండ్లలో ఒక్క జాడీ చెడగొట్టుకోలేదు నేను. ఇప్పుడు మూడూ పోయినాయి," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నేను లైబ్రరీకి పరుగెత్తి ఆ పేజీ మళ్ళీ చదివి వచ్చాను. మూత వదులుగా ఉంచాలని, పచ్చడి ఊపిరి పీల్చుకోవాలని అందులో ఉంది. నేను ఎత్తి రాసేటప్పుడు ఆ వాక్యమే వదిలేశాను. నేను తిరిగి వచ్చేసరికి కుర్రాడు అప్పటికే జాడీలో చెంచా పెట్టి, రెండోసారి కూడా నాకుతున్నాడు.

"అక్కా, హైదరాబాదులో కూడా ఇంత బాగలేదక్కా. ఈ నూనె వాసన ఏందక్కా ఇంత కమ్మగుంది?"

అప్పటి నుంచి వాసెన వదులుగా కడుతోంది. నూనె మాత్రం మానలేదు. పుస్తకంలో నూనె లేదు. ఆ నూనె ఆమెది.

హోటల్ నడిచింది. పిల్లలు గుంపులుగా వచ్చారు. యర్రగొండపాలెం బస్సు దిగి, కాలేజీకంటే ముందు ఇక్కడికి వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. గిన్నెడు రామెన్ నూడుల్స్ వంద రూపాయల లోపే. కొరియా అన్నం గిన్నె కూడా అంతే. పక్కన చిన్న గిన్నెలో కిమ్చీ. రామెన్ ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, కిమ్చీ కోసమే వస్తున్నామని పిల్లలు అనేవాళ్ళట. లైబ్రరీలో పేపర్లు చదివే పెద్దవాళ్ళ దగ్గర నేనూ గొప్పలు పోయాను. "ఆ కిమ్చీ మొత్తం నా పుస్తకంలోదే. నేను చదివి చెప్పకపోతే ఆమెకు ఎక్కడిది?" అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

రెండు నెలలు గడిచాక ఫ్లెక్సీ లేచింది.

నేను మెట్లెక్కి పోయి అడిగాను. "ఏంది నాయనా ఇది? కొరియా నుంచి వచ్చిందెప్పుడు? ఎవరు తెచ్చినారు?"

కుర్రాడు నవ్వాడు. "అన్నా, పెద్దారవీడు అక్క పెట్టిన కిమ్చీ అని రాస్తే ఎవరెక్కుతారు ఈ మెట్లు? ఇది యాపారం. అక్కకు లేని బాధ నీకేంది?"

ఏం బాధ అంటే, ఇదీ బాధ. మా ఊరి రాయి పలకలై ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయిందని చిన్నప్పటి నుంచి వింటున్నాను. అక్కడ వాటి మీద మా ఊరి పేరు ఉందో లేదో ఎవరూ చెప్పలేదు. సరే, అది దూరం పోయిన వస్తువు. ఇది మా ఊళ్ళోనే, మా వీధి మనిషి చేతులు మండేదాకా కలిపి, మా ఊరి పిల్లలకే పెడుతున్న తిండి. దీనికి కూడా పరాయి ఊరి పేరు పెడితే తప్ప మన పిల్లలు మెట్లెక్కరని ఎవరు తేల్చారు? పిల్లలను అడిగారా? ఎవరూ అడగలేదు. ముందే సిగ్గుపడి, ఆ సిగ్గుకు వ్యాపారం అని పేరు పెట్టారు.

నా భార్య మాత్రం "రాసుకోనీలే" అంది. ఆమెకు కావలసింది వేరే ఉంది. అది నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

ఆ హోటల్లో వంటవాళ్ళకు ఒక నియమం ఉంది. వెనక సందులోని ఇనుప మెట్ల మీదుగా రావాలి, అలాగే పోవాలి. హాల్లోకి రాకూడదు. తిండి పెట్టరని కాదు, పెడతారు. జనం తగ్గాక మూడున్నరకో నాలుగుకో, గట్టుకు ఆనుకుని, గిన్నె అడుగున మిగిలింది తినాలి. ఒకరోజు సాయంత్రం ఇంట్లో వెల్లుల్లి ఒలుస్తూ ఆమె అంది:

"నాకు ఒక్కసారి ఆ బల్ల ముందర కూర్చోని తినాలని ఉందయ్యా."

"ఏ బల్ల?"

"హాల్లో. కిటికీ పక్కది. వంటగది తలుపు సందులోంచి అదొక్కటే కనపడతది నాకు. ఆ పిల్లలు ముందర పెట్టుకోని, ఒక ముద్ద తిని, కళ్ళు మూసుకుంటారు. అట్ల ఒకరు తెచ్చి పెడితే, వేడిగా ఉన్నప్పుడు, కూర్చోని తింటే ఎట్లుంటదో చూడాల. నేను చేసిన దాని రుచి నాకే తెల్వకపాయె."

"రోజూ తింటున్నావు గదా?"

"నిలబడి తింటే ఆకలి తెలుస్తది. రుచి తెల్వదు."

ఇన్నేళ్ళ చదువులో నాకు తట్టని మాట అది. వచ్చే మంగళవారం ఆమెకు సెలవు. పోదాం అన్నాను.

మంగళవారం ఒంటి గంటకు ఆమె పెట్టెలోంచి నీలం చీర తీసి కట్టుకుంది. చేతులకు ఎంత సబ్బు రుద్దినా గోళ్ళ అంచుల్లో కారం ఎరుపు పోలేదు. ముందు మెట్ల మీదుగా ఎక్కాం. ఏడు నెలలుగా ఆ హోటల్లో పనిచేస్తున్న మనిషి ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. గోడల నిండా కొరియా పాటగాళ్ళ బొమ్మలు, ప్లాస్టిక్ తీగలు, ఎనిమిది బల్లలు. కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంది. దాని పక్క బల్ల దగ్గర ముగ్గురు కాలేజీ అమ్మాయిలు.

కౌంటర్ వెనక నుంచి కుర్రాడు చూశాడు. లేచి గబగబా ఎదురొచ్చాడు.

"ఏందక్కా, ఈ పొద్దు నీకు సెలవు గదా?"

"సెలవు కాబట్టే వచ్చినా. తిని పోదామని."

"అయ్యో, దానికేముంది! లోపలికి పోక్కా. స్టూలేసుకోని కూర్చోండి ఇద్దరూ. ఏం కావాల్నో చెప్పు, నేనే పంపిస్తా. డబ్బులు కూడా వద్దు."

"లోపల రోజూ తింటానే ఉన్నా నాయనా. ఈ పొద్దు ఇక్కడ తింటా."

కుర్రాడు గొంతు తగ్గించాడు. "అట్ల కాదక్కా. పిల్లోళ్ళుండారు. కొందరు వంటగదిలోకి తొంగి చూస్తుంటారు, నిన్ను గుర్తుపడతారు. నువ్వు ఇక్కడ కూర్చుంటే..."

"కూర్చుంటే?"

"కొరియా అని రాసినాం గదక్కా."

ఆమె ముఖం చూశాను. అలిగిన ముఖం కాదు. ఒక అడుగు వెనక్కి వేసిన ముఖం. నిజంగానే ఒక అడుగు వెనక్కి వేసింది, వంటగది వైపు. అంతే, నాకు పట్టపగ్గాలు లేకపోయాయి.

"ఏం కొరియా అయ్యా నీది? కొరియాలో కిమ్చీ ఎవరు పెడతారో తెల్సునా నీకు? ఇట్లాంటి ఆడవాళ్ళే పెడతారు. చలికాలం ముందర వీధి వీధంతా ఒక చోట చేరి, మోచేతుల దాకా కారం పూసుకోని పెడతారు. పెట్టినామెను బంతిలో ముందర కూర్చోబెట్టి తినిపిస్తారు. వెనక సందులోంచి పంపించరు!"

చివరి మాట పుస్తకంలో లేదు. కోపంలో నేనే కలిపాను. కానీ ఉండాల్సిన మాటే.

"బావా, బావా, మెల్లగా," అన్నాడు కుర్రాడు. మామూలుగా అన్నా అంటాడు. భయం వేస్తే బావా అవుతాను.

"ఇంకోటి చెప్తా విను. ఆ దేశంలో పక్కన పెట్టే పచ్చళ్ళు అయిపోతే అడక్కుండానే మళ్ళీ తెచ్చి పెడతారు, మన భోజనం హోటల్లో సాంబారు మారు పోసినట్లు. దానికి డబ్బులడగరు. నువ్వు రెండోసారికి ముప్పై రూపాయలు రాస్తావు. మా జాడీలోది మా ఊరోళ్ళకు పెట్టేదానికి ముప్పై రూపాయలు! కొరియా ఎక్కడుంది ఇందులో? ఫ్లెక్సీలోనా?"

వడ్డించే మనిషి వెనక్కి తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు. ఆయన ఇరవై ఏళ్ళు భోజన హోటల్లో వడ్డించి ఇక్కడికి వచ్చినవాడు. ఖాళీ గిన్నె కనబడితే చెయ్యి ఆగక మారు వడ్డించి, కుర్రాడితో రోజూ చివాట్లు తింటాడని నా భార్య చెప్పింది. పక్క బల్ల అమ్మాయిలు తినడం ఆపేశారు. ఒకామె ఫోన్ పైకెత్తింది.

"చాలించయ్యా," అంది నా భార్య. "నేను తినేదానికి వచ్చినా. నీ ఉపన్యాసం వినేదానికి కాదు."

అని, మా ఇద్దరి మధ్య నుంచి నడుచుకుంటూ పోయి, కిటికీ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. కుర్రాడు అటూ ఇటూ చూసి కౌంటర్ వెనక్కి పోయాడు. నేను కూడా పోయి ఎదురుగా కూర్చున్నాను.

వడ్డించే మనిషి వచ్చాడు. రోజూ వంటగదిలో ఆమెతో పరాచికాలాడే మనిషి. ఆ పూట మాత్రం భుజం మీది తువ్వాలు తీసి బల్ల రెండుసార్లు తుడిచాడు.

"ఏం తీసుకురమ్మంటావమ్మా?"

"అన్నం గిన్నె. పైన గుడ్డు. ఈయనకు రామెన్. రెండు కిమ్చీ."

"కొత్త జాడీలోదా, పాతదా?"

"పోయిన వారం జాడీలోది. అది బాగా పులిసింటది," అంది ఆమె. అంతవరకూ గంభీరంగా ఉన్న మనిషి అక్కడ నవ్వింది.

అన్నం గిన్నె పొగలు కక్కుతూ వచ్చింది. క్యారెట్, పాలకూర, పుట్టగొడుగులు, మధ్యలో గుడ్డు. పక్కనే తెల్లటి చిన్న గిన్నెలో కిమ్చీ. ఆమె రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ముట్టుకోదు.

"ఏంది? తిను."

"నువ్వు మొదలుపెట్టు."

ఇంట్లోనూ అంతే. నేను తిన్నాకే ఆమె తింటుంది. అది నేను ఏనాడూ గమనించని సంగతి. కొరియాలో కూడా వయసులో పెద్దవాళ్ళు చెంచా ఎత్తాకే మిగిలినవాళ్ళు ఎత్తాలని నా పుస్తకంలో ఉంది. దాని ప్రకారం ముందు తినాల్సింది నేనే. పుస్తకం నా వైపే ఉంది. మెట్లెక్కేటప్పుడు ఈ ముక్క ఆమెకు చెప్పాలని సిద్ధంగా కూడా పెట్టుకున్నాను. చదివిన మాటను పైకి చెప్పకుండా మింగడం నా జీవితంలో అదే మొదలు.

"నేను తినను. నువ్వు తిన్నాకే," అన్నాను.

ఆమె నన్ను అనుమానంగా చూసి, చెంచాతో గుడ్డు కొసను చిదిపి, అన్నంలో కలిపి, దాని మీద ఒక కిమ్చీ ముక్క పెట్టుకుని నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. ఆ పిల్లల్లాగా కళ్ళు మూసుకుంటుందని నేను ఎదురుచూశాను. మూసుకోలేదు. కనుబొమలు ముడిచింది.

"ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది."

పక్క బల్ల నుంచి ఒక అమ్మాయి అప్పుడే వడ్డించే మనిషిని ఇంకొంచెం కిమ్చీ అడుగుతోంది. మా మాట విని మా వైపు తిరిగింది. "లేదాంటీ, బాగుంటది. ఇది కొరియా నుంచి వస్తది. అక్కడోళ్ళు ఇట్లనే తింటారు."

నేను నోరు తెరిచాను. బల్ల కింద నా కాలి మీద ఆమె కాలు పడింది.

"లేదమ్మా. పోయిన సోమవారం నీళ్ళ క్యాన్లు తక్కువ వచ్చినాయి," అంది నా భార్య, వాతావరణం గురించి చెబుతున్నట్టు. "మూడుసార్లు కడగాల్సింది రెండుసార్లే కడిగినా. ఆ ఉప్పు ఉండిపోయింది. ఈసారి సరిచేస్తాలే."

ఆ అమ్మాయి చెంచా గాలిలోనే ఆగింది. "మీరు కడిగినారా?"

"నేనే గదమ్మా పెట్టేది."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళలో పొడుగు జడ అమ్మాయి పక్కదాన్ని మోచేత్తో పొడిచింది. "చెప్పినానా లేదా నేను? ఇది మా అవ్వ ఊరగాయ వాసన వస్తుందే అని చెప్తే, నీకు కొరియా గురించి ఏం తెల్సు అని ఎక్కిరించినావు గదా. ఇప్పుడు చెప్పు!"

"మరి బయట బోర్డు మీద అట్ల రాసినారేంది?" అని మూడో అమ్మాయి గట్టిగానే అడిగింది, కౌంటర్ వైపు చూస్తూ. కుర్రాడు కంప్యూటర్‌లోకి తల దూర్చాడు.

"ఎట్ల నేర్చుకున్నారాంటీ?" అంది పొడుగు జడ అమ్మాయి.

నా భార్య చెంచాతో నన్ను చూపించింది. "ఈయన లైబ్రరీలో చదివి చెప్పినాడు. ఈయన చదవకపోతే నాకెట్ల తెలుస్తది?"

లైబ్రరీలో నేను అందరికీ చెప్పుకున్న మాట అదే. అక్షరం తేడా లేదు. నేను చెప్పినప్పుడు బాగానే ఉండేది. ఆమె నోటి నుంచి, అదీ ఇంత సులువుగా, ఇచ్చేసినట్టుగా వచ్చేసరికి నేను రామెన్ గిన్నె పక్కకు జరిపాను. ఫ్లెక్సీ రాసినవాడి మీద ఇంతసేపు అరిచాను. నేను రాసుకున్న ఫ్లెక్సీ మాటేమిటి?

"లేదమ్మా," అన్నాను. "నేను చెప్పింది కొంచెమే. అందులోనూ ముఖ్యమైన మాట వదిలేసి చెప్పినా. ఆ కమ్మదనం ఉందే, అది పుస్తకంలో లేదు. ఈమె పైన నువ్వుల నూనె పోసి..."

"అయ్యో, ఆ సంగతి ఎందుకు చెప్పినావు!" ఆమె చెంచా బల్ల మీద కొట్టింది. "రేపటికి ఊరంతా పోస్తారు!"

అమ్మాయిలు పగలబడి నవ్వారు. వడ్డించే మనిషి ఇక ఆపుకోలేక, వాళ్ళకూ మాకూ కిమ్చీ మారు వడ్డించేశాడు. ముప్పై రూపాయల మాట ఎవరూ ఎత్తలేదు. నా భార్య గిన్నె అడుగు దాకా తిన్నది. చివరి ముద్దకు కళ్ళు మూసుకుంది. నేను చూశాను. డబ్బులు తన పర్సులోంచి తీసి కౌంటర్ మీద పెట్టింది. కుర్రాడు వద్దన్నాడు. ఆమె చెయ్యి తీయలేదు.

మరునాడు జరిగింది ఆమె నాకు చెప్పింది. వంటగదిలోకి రాగానే కుర్రాడు అందుకున్నాడట.

"నా పరువు తీసినావు గదక్కా. కస్టమర్లతో మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పినా?"

ఆమె మూడు జాడీల్లో చిన్నదాన్ని చంకనెత్తుకుని, హాల్లోకి నడిచి, కౌంటర్ మీద అతని కంప్యూటర్ పక్కన పెట్టిందట.

"ఇది మా అత్తది. ఇక నుంచి ఇక్కడుంటది. మారు అడిగినోళ్ళకు నేనే వచ్చి వేస్తా, ఊరికే వేస్తా. వద్దంటే చెప్పు, మూడూ ఇంటికి పోతాయి. నేనూ పోతా."

మధ్యాహ్నానికి ఆ ముగ్గురు అమ్మాయిలు ఇంకో ఐదుగురిని వెంటబెట్టుకొచ్చి, ఆ ఆంటీ ఏరీ అని అడిగారట. జాడీ అక్కడే ఉండిపోయింది. కిమ్చీ మారు ఇప్పుడు ఊరికే. ఆమె ముందు మెట్ల మీదుగానే పోయి వస్తోంది.

లైబ్రరీలో పేపర్ల బల్ల దగ్గర నేను కూడా నా మాట సరిదిద్దుకున్నాను. ఒక పెద్దాయన "అట్లనా, మరి ఇన్నాళ్ళు నువ్వే అంటివే" అన్నాడు. నిజమే, అన్నాను అని ఒప్పుకున్నాను.

ఇక్కడితో నా కోపం చల్లారిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఫ్లెక్సీ ఇంకా తీయలేదు. ఎండకు ఎరుపు వెలిసి గులాబీ రంగుకు వచ్చింది గానీ, అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. పైగా పది రోజులు కాకముందే ఆ జాడీ నడుముకు ఒక తళతళలాడే స్టిక్కర్ అతికించారు: "కొరియా సంప్రదాయ జాడీ". మా అమ్మ గిద్దలూరు సంతలో బేరమాడి కొని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న జాడీ అది!

అది చూసిన సాయంత్రం నేను ఇంటికి పోయి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. రేపే పోయి తేల్చుకుంటానన్నాను. నా భార్య బ్యాడిగ కాయల తొడిమలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"నువ్వు పోవద్దు. పోతే మళ్ళా కొరియా గురించి గంట చెప్తావు. నేను రోజూ గోటితో ఆ స్టిక్కర్‌ను ఇంత గీకుతా ఉన్నా. 'కొరియా' పోయింది. 'సంప్రదాయ' సగం పోయింది. మంగళవారం తినేదానికి పోతాం గదా, అప్పుడు నువ్వూ ఒక అక్షరం గీకు."